చెరువు లోపలి మా బావి

మా బావి చెరువులో ఉంది. ఈ మాట బయటివాళ్ళతో అంటే నవ్వుతారు. చెరువులో బావేమిటి, నీకేమైనా పిచ్చా అంటారు. ఇబ్రహీంపట్నం వాళ్ళు మాత్రం నవ్వరు. చెరువు ఎండిపోయి ఎన్నో ఏళ్ళు చుక్క నీళ్ళు లేకుండా పడి ఉండటం మా తరం కళ్ళారా చూసింది. నేను బడికి పోయే రోజుల్లో చెరువంటే తుమ్మచెట్లు, మేకలు, ఎండాకాలం లేచే దుమ్ము. ఒకప్పుడు చెరువు నిండి అలుగు దుంకేదని పెద్దవాళ్ళు చెప్తుంటే, ముసలోళ్ళ ముచ్చట్లలే అనుకునేదాన్ని. కట్ట మీద బస్సులో పోతూ కొత్తవాళ్ళెవరైనా చెరువెక్కడ అని అడిగితే జొన్నచేను చూపించేవాళ్ళం.

ఆ చెరువు లోపల, నీళ్ళు నిండితే మునిగే శిఖం నేలలో, మా తాత నాటి నుంచి మాకు రెండెకరాల పట్టా ఉంది. నీళ్ళు రావన్న ధీమాతో బాపు అక్కడ బావి తవ్వాడు. తవ్వాడంటే ఆయన ఒక్కడే కాదు. అమ్మ గంపలతో మట్టి మోసింది, డిగ్రీ సెలవుల్లో నేను మోశాను, తమ్ముడు తాడు పట్టుకుని లాగాడు. పది గజాల లోతు. లోపల చుట్టూ నేలమట్టం దాకా రాతికట్టు, దిగడానికి ఒక పక్క మెట్లు. నీళ్ళు పడిన రోజు బాపు ఆ బురదనీళ్ళనే దోసిట్లో పట్టుకొచ్చి అమ్మ నెత్తిన చల్లాడు. అమ్మ బాపును తిట్టింది, తిడుతూనే ఏడ్చేసింది. ఆ బావి కింద టమాట, వంకాయ, బెండ పండించాం. నా చదువు, అమ్మకు జబ్బు చేస్తే తిరిగిన దవాఖానలు, నా పెళ్ళి, ఆ పెళ్ళి చెడిపోయి నేను తిరిగొచ్చాక ఈ ఇంట్లో తిన్న అన్నం, అంతా ఆ బావి పెట్టిందే.

తరవాత అదీ ఎండింది. అమ్మ పోయింది కూడా ఆ ఏడే. మోటారు పైకి తీసి, బావి మూతికి అడ్డంగా తుమ్మకంప వేసి బాపు ఊరుకున్నాడు. ఉట్టిగ ఎందుకు, పూడ్చేద్దామని తమ్ముడంటే కసురుకున్నాడు.

"నీళ్ళిచ్చిన బాయిని పూడిస్తే ఇంట్ల దీపముండదురా. నోరు మూసుకో."

మా బాపు దేవుడికి పెద్దగా దండం పెట్టే మనిషి కాదు. ఈ ఒక్కమాట మాత్రం ఆయనకు రాతిమీద గీత.

ఆ తరవాత ఒక ఏడు వానలు కొట్టాయి, చెరువు నిండింది. జనం కట్ట మీదికొచ్చి యాటలు కోశారు, ఆడవాళ్ళు నీళ్ళకు పసుపు కుంకుమ వేశారు. నేనూ ఏడ్చాను, సంతోషంతోనే. మా చేను, మా బావి, మా తుమ్మకంప అన్నీ ఆ నీళ్ళ కింద ఉన్నాయన్న సంగతి రెండు రోజులకు గానీ నా బుర్రకెక్కలేదు.

చెరువు నిండాక తమ్ముడు థర్మాకోల్ తెప్ప మీద చేపలు పట్టడం నేర్చుకున్నాడు. నీళ్ళలో ఒక జాగాను గుర్తు పెట్టుకునే పద్ధతి బాపే చెప్పాడు. "తూము కాడ రెండు నిలువురాళ్ళున్నయ్ గదా, కుడిదాని ఎనుక తాటిచెట్టు దాగాలె. ఇటు తిరిగితే గుట్ట మీది బండ ఎనుక నీళ్ళట్యాంకు దాగాలె. రెండూ ఒక్కతాన కుదిరిన జాగల మన బాయి ఉంటది." తమ్ముడు తెప్ప వేసుకుని పోయి వెదురుబొంగు దించి చూశాడు. చుట్టుపక్కలంతా బొంగు బురదకు తగిలింది. బాపు చెప్పిన జాగాలో మాత్రం కంప పుల్లలు విరిగిన చప్పుడై, బొంగు చెయ్యి దాకా దిగిపోయింది. తమ్ముడు నవ్వుకుంటూ వచ్చాడు. మాకు అదొక గొప్పగా ఉండేది, మా ఆస్తి నీళ్ళ కింద భద్రంగా ఉన్నట్టు.

అట్లాంటి రోజుల్లోనే చెరువొడ్డున పార్కు కడతారన్నారు. నడిచే బాట, పచ్చగడ్డి, కూర్చునే బెంచీలు, నీళ్ళలోకి మెట్లు, మెట్ల చివర తేలే బల్ల కట్టి బోట్లు. మీర్‌పేట్ నుంచి, బొంగులూరు వెంచర్ల నుంచి ఆదివారాలు జనం వస్తారు, మనవాళ్ళకు పనులు దొరుకుతాయన్నారు. దొరికాయి కూడా, ఆ మాట అబద్ధం కాదు. తమ్ముడికి బోట్ల మీద పని ఇస్తామన్నారు. గడ్డి పరిచే ఆడవాళ్ళ మీద సూపర్‌వైజర్‌గా, చదువొచ్చిన లోకల్ మనిషి కావాలంటే నేను పోయాను. నీలం టోపీ ఒకటిచ్చారు. నలభై దాటిన వయసులో, మొగుణ్ణి వదిలి వచ్చిందన్న పేరు తప్ప ఊళ్ళో మరో పేరు లేని నాకు ఆ టోపీ కిరీటమే అయింది. ఎండ లేకపోయినా పెట్టుకునేదాన్ని.

పని మొదలయ్యే ముందు ఆటోలో మైకు పెట్టి చెప్పారు. శిఖంలో బావులు, బోర్లు, షెడ్లు ఉన్నవాళ్ళు రాసిస్తే, ప్రమాదం లేకుండా పూడ్చేస్తామన్నారు. ఆ ఆటో మా వాడ దాటకముందే ఇంకోమాట వచ్చింది. రాసిచ్చినవాళ్ళ పట్టాలు రద్దు చేస్తరట. ఎవరన్నారో తెలియదు. మా దగ్గర మైకు కన్నా ఈ 'అట' బలమైనది. ఒక్కరూ రాసివ్వలేదు.

సరిగ్గా ఆ బోట్ల మెట్లు వచ్చి మా చేను గట్టు దగ్గరే పడ్డాయి. చివరి మెట్టు మీద నిలబడి చూస్తే తాటిచెట్టు రాయి వెనకాల సగం దాగి కనబడింది. నీళ్ళట్యాంకు కూడా బండ పక్కకు వచ్చేసింది. ఇంకో పన్నెండు అడుగులు వేస్తే రెండూ కుదురుతాయి. ఆ సాయంత్రం అన్నం తినేటప్పుడు అడిగాను.

"బాపు, ఇంజినీరు సారుకు చెప్పనా?"

"ఏమని?"

"మెట్ల ముంగటనే మన బాయి ఉన్నదని."

బాపు ముద్ద కిందపెట్టాడు. "చెప్తే రెండైతయ్. పట్టా పోతది, బాయి పూడుస్తరు. రెండూ అయినంక ఇగ నేనెందుకు?"

"ఎవరన్న పడితే?"

"నిండా నీళ్ళున్న చెరువుల బాయిల పడుడేందే? పడేటోడు చెరువులనే పడతడు."

తమ్ముడు మధ్యలో అన్నాడు, "బోట్లు పైన తేలుతయ్ గదక్కా. కింద ఏముంటే ఏంది."

వాళ్ళ మీద నెట్టేసి నేను తప్పించుకోలేను. నాకు చదువుంది, నోరుంది. గడ్డి వంకర పరిస్తే ఆడవాళ్ళ మీద గయ్యిమని లేచే నోరు నాది. ఆ సాయంత్రం అది మూతపడింది. సారుకు చెప్తే మా శిఖం పట్టా సంగతి బయటపడుతుంది, లోకల్ గొడవలున్న మనిషి వద్దని నా టోపీ తీసుకుంటారు అని కూడా అనుకున్నాను. ఈ సంగతి ఇంట్లో వాళ్ళకు ఇప్పటిదాకా చెప్పలేదు.

గడ్డి పరిచే ఆడవాళ్ళు కందుకూరు దిక్కు ఊళ్ళ నుంచి ఆటోలో వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకామె నాకు దగ్గరైంది. నాకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్నది. చేతులు ఎంత చురుకో నోరు అంత చురుకు. మొదటి రోజే, "అక్కా, ఆ టోపీ జర తియ్యి, పోలీసామె లెక్క ఉన్నవ్, గడ్డి గూడ భయపడుతున్నది," అంది. ఇంకెవరైనా అంటే కోపం వచ్చేది, ఆమె అంటే నవ్వొచ్చింది. మధ్యాహ్నం వేపచెట్టు నీడలో నా పక్కనే కూర్చుని జొన్నరొట్టె సగం తుంచి నా గిన్నెలో పడేసేది. ఆమె అత్తగారి ఊళ్ళోనే ఆమె అక్కనూ ఇచ్చారట. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ కాపురం. అక్క పెట్టిన తొక్కు అని సీసా తెచ్చి నాకిచ్చింది. నా పెళ్ళి సంగతి ఊళ్ళో అందరూ తిప్పితిప్పి అడిగేవాళ్ళే. ఆమె ఒక్కతే సూటిగా అడిగి, విని, "మంచిగ చేసినవ్ అక్కా," అంది. ఆ ఒక్క మాటకు నేను ఆమెకు బాకీ పడ్డాను.

పని అయిపోయాక చివరి మెట్టు మీద కూర్చుని కాళ్ళు కడుక్కోవడం ఆమె అలవాటు. ఒక రోజు అడిగింది.

"అక్కా, ఈడ లోతుంటదా?"

"ఉంటది. ఒడ్డుకే ఉండు."

"ఎంతుంటది?"

"నాకేం తెలుసే. చెరువన్నంక లోతుండదా?"

నాకేం తెలుసే అన్నాను. ఆ గంపల మట్టి మోసిన చేతులతోనే నీళ్ళ సీసా మూత తిప్పుకుంటూ అన్నాను.

ఎండలు ముదిరి నీళ్ళు వెనక్కి పోవడం మొదలైంది. మెట్ల ముందు మోకాలు లోతు నీళ్ళే మిగిలాయి. అప్పుడు నాకు నిజంగా భయం పట్టింది. నిండా నీళ్ళుంటే ఎవరూ దిగరు. మోకాలు లోతు నీళ్ళు చూస్తే పిల్లాపెద్దా అందరికీ కాళ్ళు దురదపెడతాయి. అమ్మ పాత ఎర్రచీర కొంగు చింపి ఒక బొంగుకు కట్టి, తమ్ముణ్ణి బోటు తెమ్మని, ఇద్దరం పోయి బావి అంచు పక్కన బురదలో దిగేశాం. నేను చేసిన ఒకే ఒక్క మంచిపని అది. అది కూడా నోరు విప్పకుండా చేసిందే.

ఇంకో వారంలో పార్కు తెరుస్తారనగా పని చూసే ఇంజినీరు సారు వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. మెట్ల మీద నిలబడి, "అదేంటమ్మా, ఎర్రగుడ్డ?" అని అడిగాడు.

ఆయన అడిగాడు. నోటికాడికి వచ్చిన అవకాశం. తమ్ముడు నా మొహం వైపు చూశాడు.

"బోట్లకు గుర్తు సార్," అన్నాను.

"ఫోటోల్లో బాగుండదు. తీసేయించండి."

సారు కారెక్కి పోయాక తమ్ముడు, "అక్కా, ఇప్పుడన్న చెప్పకపోతివి," అన్నాడు. "నువ్వు జెప్పకపోయినవ్ మరి, నీకు నోరు లేదా," అని వాడి మీద పడ్డాను. బోటెక్కి పోయి ఆ బొంగును నా రెండు చేతులతో నేనే పీకాను. బురద గట్టిగా పట్టుకుంది. రెండుసార్లు లాగితే గానీ రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం. బాట పొడుగునా పూలకుండీలు సర్దుతున్నాం. గాలి బాగా ఉంది. మొక్కలకు నీళ్ళు పోసే నీలం ప్లాస్టిక్ గమేళా గాలికి దొర్లి మెట్ల మీద నుంచి నీళ్ళలో పడి తేలుతూ పోయింది. నేను ఒక యాభై అడుగుల దూరంలో హాజరు రాసుకుంటున్నాను. తల ఎత్తేసరికి కందుకూరు ఆమె చీర మోకాళ్ళ పైకి దోపుకుని నీళ్ళలోకి దిగి ఉంది.

"దీనింట్ల పీనుగెల్ల, ఎటు వోతున్నదే ఇది," అని గమేళాను తిట్టుకుంటూ నవ్వుతూ పోతోంది. ఒడ్డున ఆడవాళ్ళూ నవ్వుతున్నారు. నేను మాత్రం అడుగులు లెక్కపెట్టాను. ఆరు. ఏడు. ఎనిమిది. రిజిస్టర్ కింద పడేసి పరుగెత్తాను. "ఆగు" అని అరిచాను. "ఆగవే" అని అరిచాను. బావి అన్న మాట మాత్రం అప్పుడు కూడా నా నోట్లోంచి రాలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే ఆగిపోయేది. పల్లె మనిషికి బావి అంటే చాలు.

ఆమె వెనక్కి తిరిగి, "మోకాలు నీళ్ళే అక్కా," అని చూపించి, గమేళా వైపు ఇంకో అడుగు వేసింది. అంతే. అరుపు లేదు, చెయ్యి పైకి రాలేదు. గమేళా గాలికి అట్లాగే పోతూ ఉంది.

తమ్ముడు బోటు మీద నుంచి దూకాడు. మూడోసారి మునిగినప్పుడు తీసుకొచ్చాడు. చీర కుచ్చిళ్ళకు నల్లగా కుళ్ళిన తుమ్మకంప చుట్టుకుని ఉంది. దాన్ని విడదీయడానికే వాడికి అంతసేపు పట్టింది. మెట్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కారు, కాళ్ళు రుద్దారు, నోట్లో ఊదారు. నేను ఆమె అరికాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. వాటికి ఇంకా గడ్డి మట్టి అంటుకుని ఉంది. తమ్ముడు నా చెవి దగ్గరికొచ్చి, "మన బాయిల మెట్ల మీదనే పడి ఉండె అక్కా ఆమె. అడుగుకు పోలే. నా కాళ్ళకు మెట్లు తగిలినయ్," అని చెప్పి పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు.

పోలీసులు వచ్చారు. ఏముందక్కడ అని అడిగారు. గుంపులోంచి ఎవరో, "మట్టి తవ్విన గుంత సార్, చెరువు ఎండినప్పుడు వెంచర్లకు టిప్పర్లల్ల మట్టి గొట్టిండ్రు గదా," అన్నారు. అందరూ అవ్ అవ్ అన్నారు. మట్టి కొట్టిన మాట నిజమే, అందుకే ఆ అబద్ధం అంత బాగా అతికింది. పోలీసాయన అదే రాసుకున్నాడు. అప్పటికి బాపు కూడా వచ్చి కట్ట మీద నిలబడ్డాడు. మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. మా ముగ్గురిలో ఒక్కరం కూడా కాదనలేదు.

పదకొండో రోజుకు వాళ్ళ ఊరు పోయాను, చెప్దామనే పోయాను. వాకిట్లో కూర్చున్నాక ఆమె అక్క నాకు నీళ్ళిచ్చింది. చెల్లెలి మొహమే, ఇంకొంచెం నలిగిన మొహం. "మా చెల్లె ఎప్పుడు నీ పేరే తీస్తుండె. సూపర్‌వైజరక్క ఉన్నది, పనికాడ నాకేం ఫికర్ లేదు అంటుండె," అంది. ఆ నీళ్ళు తాగి తిరిగొచ్చేశాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను? కందుకూరు నుంచి బస్సులో వస్తూ నన్ను నేనే గిల్లుకున్నాను, రక్తం వచ్చేదాకా.

ఇంకో పది రోజులకు ఆ అక్కే పనిలోకి వచ్చింది. ఇల్లు గడవాలి, ఆమె చెల్లెలి పిల్లలు కూడా ఇప్పుడు ఆమె పొయ్యి మీదే. ఆటో దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"చెల్లె, మావోళ్ళు గుంత అంటున్నరు. గది ఏడున్నదో జర చూపియ్యి."

చివరి మెట్టు దాకా తీసుకుపోయాను. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక బాపు చెప్పినట్టే చెప్పాను. "గా తాటిచెట్టు చూడు, రాయి ఎనుకకు పోవాలె. ఇటు గుట్ట మీద బండ చూడు, ట్యాంకు దాని ఎనుక దాగాలె. రెండూ కలిసిన జాగ." ఆమె తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"గింత గురిగ ఎట్ల తెలుసు నీకు?"

"అది గుంత కాదక్కా. బాయి. మాదే. మా బాపు తవ్విండు, నేను మట్టి మోసిన. ఆడున్నదని మొదటి నుంచి తెలుసు."

ఆమె నీళ్ళ వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. జుట్టు పట్టుకుని నలుగురిలో ఈడ్చినా పడేదాన్ని. ఆమె నా మొహం కూడా చూడకుండా, మెల్లగా అంది.

"గీ మాట మా చెల్లెకు ముందే చెప్తే అయిపోతుండె గదనే."

అని, చీర కొంగు నడుముకు దోపుకుని గడ్డి దగ్గరికి పోయి పనిలో కూర్చుంది. ఆ రోజంతా పని చేసింది. మధ్యాహ్నం నాకు దూరంగా కూర్చుని తింది.

ఆ సాయంత్రమే ఇంజినీరు సారు దగ్గరికి పోయి అంతా చెప్పి, కాగితం మీద రాసి సంతకం పెట్టాను. పోలీస్ స్టేషన్లో కూడా అదే రాసిచ్చాను. టోపీ టేబుల్ మీద పెట్టేశాను. సారు ఆ కాగితం రెండుసార్లు చదివి, "ఆ రోజు అడిగాను కదమ్మా," అని మాత్రం అన్నాడు. రెండు రోజులకు టిప్పర్లు వచ్చాయి. మెట్ల పక్క నుంచి బాట వేసుకుంటూ పోయి, బండలు, మొరం నీళ్ళలోకి ఒంపారు. బాపు కట్ట మీద తూము రాయికి ఆనుకుని పొద్దుటి నుంచి చూశాడు. ఆపమని అనలేదు. బండ పడినప్పుడల్లా లోపలి నుంచి పెద్ద బుడగలు వచ్చేవి. మాపటికి అవీ ఆగిపోయాయి.

పట్టా గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. పాసుబుక్కు బీరువాలో ఉన్నచోటే ఉంది. ఏ భయంతో నోరు కట్టేసుకున్నామో ఆ భయం ఉత్తదే.

టిప్పర్లు పోయిన సాయంత్రం బాపు ఇంట్లోకి వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దేవుడి గూటి వైపు చూస్తూ, "దీపం పెట్టు బిడ్డా," అన్నాడు. అమ్మ పోయాక దీపం పెట్టేది నేనే. ఒత్తి వేసి, నూనె పోసి, అగ్గిపుల్ల గీశాను. ముగ్గురం దాని వైపే చూస్తూ కూర్చున్నాం, ఆరిపోతుందేమోనని. ఆరిపోలేదు. తెల్లారి కూడా వెలుగుతూనే ఉంది. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు.